కింది హద్దు ఎంత ఎత్తులో ఉండాలి? విమానాశ్రయాల చుట్టూ గగనతలం: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల మా స్టూడెంట్ ఒకమ్మాయి వాళ్ల నాన్నగారు హిందూపురం నుంచి జక్కూరుకు, అంటే బెంగళూరులో మేం ఫ్లయింగ్ నేర్పే చిన్న ఎయిర్‌స్ట్రిప్‌కు వచ్చారు, కూతురు విమానం నడపడం చూద్దామని. కంచె పక్కన నిలబడి ఉంటే ఉత్తరాన, దూరంగా, దేవనహళ్లిలో దిగబోయే పెద్ద విమానం కనిపించింది. ఆయన అది చూసి అడిగారు: "ఆ ఎయిర్‌పోర్టు అంత పెద్దదయింది గదా సార్, మీ చిన్న విమానాలు ఇంకొంచెం పక్కకు జరిగితే ఏం పోతుంది? ఆకాశం బోలెడంత ఉంది గదా."

బెంగళూరులో ఏ తెలుగు పెళ్లికి వెళ్లినా, నేను విమానం నడపడం నేర్పుతానని తెలియగానే ఇలాంటి ప్రశ్నే వస్తుంది. దేవనహళ్లిలోని ఆ కెంపేగౌడ విమానాశ్రయం 2008లో మొదలైంది, రెండో రన్‌వే 2019లో వచ్చింది. విమానాశ్రయం పెరిగిన ప్రతిసారీ దాని చుట్టూ నియంత్రిత గగనతలం కూడా పెంచాలా అన్న చర్చ పుడుతుంది. ఆ చర్చలో చిన్న విమానాల వాళ్ల మాట సరిగా వినిపించదు, వినిపించినా వేరేగా అర్థమవుతుంది. అందుకే ఈ పోస్టు.

ముందు రెండు ముక్కలు. నియంత్రిత గగనతలం అంటే ఏటీసీ (విమానాలకు నేల మీద నుంచి దారి చెప్పే కంట్రోలర్లు) అనుమతి లేకుండా, రేడియోలో వాళ్లతో మాట్లాడకుండా మాలాంటి వాళ్లు అడుగుపెట్టకూడని చోటు అనుకోండి. దాని ఆకారం గుడి గోపురాన్ని తలకిందులు చేసినట్టు ఉంటుంది. విమానాశ్రయం దగ్గర నేల నుంచే మొదలవుతుంది, దాన్ని కంట్రోల్ జోన్ అంటారు. దూరం వెళ్లేకొద్దీ దాని కింది అంచు, అంటే కింది హద్దు, మెట్లు మెట్లుగా పైకి లేస్తుంది. ఆ మెట్ల కింద మిగిలిన ఖాళీలోనే చిన్న విమానాలు ఎక్కువగా ఎగురుతాయి.

అపోహ: ప్రైవేట్ పైలట్లకు ఏటీసీతో మాట్లాడటం ఇష్టం లేదు. ఇష్టమొచ్చినట్టు తిరగాలని కంట్రోల్ వద్దంటారు.

వాస్తవం: మన దేశంలో ఇష్టమొచ్చినట్టు తిరిగే అవకాశమే లేదు. జక్కూరు నుంచి పుట్టపర్తికి వెళ్లాలంటే ఫ్లైట్ ప్లాన్ వేయాలి, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు, ఎఫ్ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్) నంబరు తీసుకోవాలి. ఆ తర్వాతే ఇంజిన్ స్టార్ట్.

పైగా ఆ దారి మ్యాపు మీద గీసి చూడండి. జక్కూరు నుంచి పుట్టపర్తికి సరళరేఖ గీస్తే సుమారు 120 కిలోమీటర్లు. అది ముందు యలహంక వైమానిక దళ స్థావరం మీదుగా పోతుంది. తర్వాత దేవనహళ్లి విమానాశ్రయానికి పడమరగా, దాదాపు 10 కిలోమీటర్ల దూరంలో వెళ్తుంది. అక్కడి రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి. పడమర నుంచి దిగే జెట్ సరిగ్గా ఆ రేఖ దాటే చోట నేలకు 1,200 నుంచి 1,500 అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడ ఏటీసీ లేకుండా ఎగరాలని ఏ పైలటూ కోరుకోడు. దిగే దారులకు పూర్తి రక్షణ ఉండాల్సిందే, అందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు. మా ఆందోళన ఆ దారులకు దూరంగా, అవసరానికి మించి, హద్దును కిందికి దించడం గురించి.

అపోహ: హద్దు ఇంకో వెయ్యి అడుగులు కిందికి దించితే ఏమవుతుంది, కిందుగా ఎగరండి.

ఇక్కడ నిదానంగా చెప్పాలి, ఎందుకంటే అసలు విషయం ఇదే.

సెస్నా 172 లాంటి చిన్న శిక్షణ విమానం ఇంజిన్ ఆగిపోతే రాయిలా పడిపోదు, జారుతూ దిగుతుంది. ఒక అడుగు దిగే లోపు సుమారు తొమ్మిది అడుగులు ముందుకు పోతుంది. నేలకు 3,000 అడుగుల ఎత్తులో ఉంటే సుమారు 8 కిలోమీటర్ల దూరంలో ఉన్న పొలాన్ని ఎంచుకోవచ్చు. ఇంధనం చూసుకుని, ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేసే ప్రయత్నం చేసి, రేడియోలో మేడే (ఆపదలో ఉన్నామన్న పిలుపు) చెప్పడానికి నాలుగు నిమిషాల దాకా దొరుకుతుంది. అదే 1,000 అడుగుల్లో ఉంటే 2.7 కిలోమీటర్లు, నిమిషంన్నర కూడా ఉండదు. ఆ రెండున్నర కిలోమీటర్లలో ఉన్నవి హెబ్బాళ అపార్ట్‌మెంట్లయితే? ఎత్తు అంటే మాకు కాలం.

ఇక బెంగళూరు సంగతి వేరు. ఊరే సముద్రమట్టానికి 3,000 అడుగుల ఎత్తులో ఉంది. సముద్రమట్టం నుంచి ఎత్తు చూపే ఆల్టిమీటర్ 4,000 చూపిస్తే పైకి బాగానే కనిపిస్తుంది కానీ నేల వెయ్యి అడుగుల దూరంలోనే ఉంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం 35 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి ఎంత పలచబడుతుందంటే, రన్‌వే మీదున్న విమానం 6,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. చెన్నైలో కన్నా ఇక్కడ పైకి ఎక్కే వేగం బాగా తగ్గిపోతుంది. కిందుగా పొమ్మన్నప్పుడు, అవసరమైతే గబగబా పైకి లేచే శక్తి కూడా మాకు తక్కువేనన్నది గుర్తుంచుకోవాలి. నంది కొండ శిఖరం సుమారు 4,850 అడుగులు. అటువైపు హద్దును కిందికి దించితే కొండకూ హద్దుకూ మధ్య మిగిలే సందులోంచి పోవాలి. కొండ గాలి ఎలా ఊపుతుందో ఎగిరినవాళ్లకు తెలుసు.

ఇప్పుడు జూన్ నెల లెక్క చూద్దాం. మేఘాల అడుగు నేలకు 2,500 అడుగుల్లో ఉందనుకోండి. కంటిచూపుతో ఎగిరేవాళ్లం మేఘానికి వెయ్యి అడుగులు కింద ఉండాలన్నది రూలు. అంటే 1,500. ఊరి మీద అయితే చుట్టుపక్కల ఉన్న అన్నిటికన్నా ఎత్తైన భవనానికి వెయ్యి అడుగులు పైన ఉండాలన్నది ఇంకో రూలు. 30 అంతస్తుల భవనం దాదాపు 300 అడుగులు. అంటే 1,300. మాకు మిగిలింది 200 అడుగులు. ఈ లెక్కలో నియంత్రిత గగనతలం ఇంకా రానేలేదు. అదీ వచ్చి 1,300 దగ్గర కూర్చుంటే, ఆ రోజు ఫ్లయింగ్ మానుకోవాలి. లేకపోతే కిందికి దిగి ప్రమాదం కొనితెచ్చుకోవాలి. అనుభవం లేని పైలట్ రెండోది ఎంచుకుంటాడేమోనన్నదే నా భయం.

ఈ మాట నేనే కనిపెట్టింది కాదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల్లో, అనెక్స్ 11లో, కంట్రోల్ ఏరియా (నేలను తాకకుండా పైన ఉండే ఆ మెట్ల భాగం) కింది హద్దు నేలకు కనీసం 700 అడుగుల పైన ఉండాలని ఉంది. కంటిచూపుతో ఎగిరేవాళ్లకు కింద స్వేచ్ఛ ఉండేలా, వీలైన చోట ఆ హద్దును ఇంకా పైన పెట్టాలని కూడా అందులోనే సిఫారసు చేశారు. 700 కనీసం మాత్రమే, దాన్నే గమ్యం అనుకోకూడదు. జెట్లు సాధారణంగా మూడు డిగ్రీల వాలులో దిగుతాయి, అంటే ప్రతి నాటికల్ మైలుకు సుమారు 300 అడుగులు. రన్‌వేకు 10 నాటికల్ మైళ్ల దూరంలో అవి 3,000 అడుగుల పైన ఉండాలి. అక్కడ హద్దు 1,000 అడుగుల దగ్గర ఎందుకు గీయాలో గీసేవాళ్లు చెప్పగలగాలి.

అపోహ: కంట్రోల్ ఎంత పెరిగితే ఢీకొనే ప్రమాదం అంత తగ్గుతుంది.

వాస్తవం: కొంతవరకు నిజం, ఆ కొంతను నేను పూర్తిగా గౌరవిస్తాను. 1986 ఆగస్టు 31న అమెరికాలో, లాస్ ఏంజెలెస్ దగ్గరి సెరిటోస్‌లో, ఒక చిన్న పైపర్ విమానం అనుమతి లేకుండా నియంత్రిత గగనతలంలోకి పోయి ఏరోమెక్సికో జెట్‌ను ఢీకొంది. నేల మీదున్న 15 మందితో కలిపి 82 మంది చనిపోయారు. ఆ పైపర్‌లోని ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు విమానం జాడ చెప్పే పరికరం) ఎత్తు చెప్పే రకం కాదు. ఆ ప్రమాదం తర్వాతే అక్కడ ఎత్తు చెప్పే ట్రాన్స్‌పాండర్లు, ప్రయాణికుల జెట్లలో టీకాస్ (దగ్గరికొచ్చే విమానం గురించి హెచ్చరించే పరికరం) తప్పనిసరి అయ్యాయి. ఈ కథ ప్రతి స్టూడెంట్‌కూ మొదటి నెలలోనే చెప్తాను.

కానీ 1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీ మీద ఢీకొన్న సౌదీ, కజకిస్తాన్ విమానాలు రెండూ ఢిల్లీ ఏటీసీతో మాట్లాడుతూనే ఉన్నాయి. 349 మంది పోయారు. 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో సైనిక హెలికాప్టర్, ప్రయాణికుల జెట్ ఢీకొని 67 మంది చనిపోయారు. అదీ కట్టుదిట్టమైన గగనతలమే, రెండూ ఒకే టవర్‌తో మాట్లాడుతున్నాయి. గీత గీసినంత మాత్రాన రక్షణ రాదు. దారులు విడిగా ఉండాలి, కంట్రోలర్ మీద మోయగలిగినంత పనే ఉండాలి, విమానాలు ఒకదానికొకటి కనబడాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. క్లాస్ డీ అనే రకం నియంత్రిత గగనతలంలో కంటిచూపుతో ఎగిరే రెండు చిన్న విమానాలను ఏటీసీ విడదీయదు. ఫలానా చోట ఫలానా విమానం ఉందని చెప్తుంది, చూసి తప్పుకోవాల్సింది మేమే. గీత జరిపినప్పుడు ఆ చిన్న విమానాలు మాయమైపోవు. గీత పక్కన మిగిలిన సందులోకి అన్నీ చేరతాయి. ఒకే చెరువు, ఒకే రైలు కట్ట, ఒకే ఎత్తు. ఎదురుగా వచ్చే రెండు సెస్నాలు దగ్గరయ్యే వేగం గంటకు 370 కిలోమీటర్లు. ఎండ కళ్లలోకి కొడుతుంటే ఎదుటిది చుక్కలా కూడా కనబడదు.

ఇంగ్లండ్‌లో ఫార్న్‌బరో విమానాశ్రయం చుట్టూ నియంత్రిత గగనతలం పెంచాలన్నప్పుడు పక్కనున్న లాషమ్ గ్లైడర్ క్లబ్ వాళ్లు హైకోర్టు దాకా వెళ్లారు. 2019లో ఓడిపోయారు, 2020లో కొత్త హద్దులు అమల్లోకి వచ్చాయి. ఓడినా, వాళ్ల అభ్యంతరం రికార్డులో ఉంది. గగనతలం మార్చే ముందు ప్రజలను అడిగే పద్ధతి అక్కడ ఉండబట్టే ఆ మాట అంత దూరం వెళ్లింది.

అపోహ: ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా.

జక్కూరులో ప్రభుత్వ ఫ్లయింగ్ స్కూల్ 1949 నుంచి ఉంది. కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి, ఆ గంటలు చిన్న విమానాల్లోనే మొదలవుతాయి. మీరు హైదరాబాద్ వెళ్లే విమానంలో ముందు కూర్చున్న కెప్టెన్ కూడా ఎక్కడో ఇలాంటి ఎయిర్‌స్ట్రిప్ నుంచే వచ్చి ఉంటారు. అనంతపురం, కర్నూలు జిల్లాల నుంచి పొలం మీద అప్పు తెచ్చి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు నాకు తెలుసు. గాలిలో వృథా అయ్యే ప్రతి పది నిమిషాలూ వాళ్ల జేబులోంచే పోతాయి.

అపోహ: గీత ఒకసారి గీస్తే అంతే, మధ్యేమార్గం ఉండదు.

వాస్తవం: ఉంటుంది. లాస్ ఏంజెలెస్ పెద్ద విమానాశ్రయానికి సరిగ్గా నెత్తి మీదుగా చిన్న విమానాలకు ఒక దారి ఉంది. ఒకవైపు పోయేవి 3,500 అడుగుల్లో, ఎదురు వచ్చేవి 4,500 అడుగుల్లో. రన్‌వే నడినెత్తిన జెట్లు నేల దగ్గర ఉంటాయి కాబట్టి పైన ఖాళీ దొరుకుతుంది. దారి ఇచ్చి వదిలేస్తే సరిపోదు, అదీ నిజమే. న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద ఇలాంటి దారిలోనే 2009లో ఒక పైపర్, ఒక హెలికాప్టర్ ఢీకొని తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత ఎత్తులు, రేడియో పద్ధతి కచ్చితం చేశారు.

సమయాన్ని బట్టి గగనతలాన్ని తెరవడం, మూయడం ఇంకో మార్గం. ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరిగినప్పుడు యలహంక చుట్టూ ఏయే గంటల్లో మూస్తారో నోటామ్‌లో (పైలట్లకు ముందుగా ఇచ్చే నోటీసులో) వస్తుంది, మేం ప్లాన్ చేసుకుంటాం. ఇబ్బంది ఉన్నా టెన్షన్ ఉండదు, ఎందుకంటే ఎప్పుడు మూస్తారో, ఎప్పుడు తీస్తారో ముందే తెలుస్తుంది. దేశ గగనతలంలో 60 శాతమే స్వేచ్ఛగా వాడుకోగలుగుతున్నామని 2020లో కేంద్ర ప్రభుత్వమే చెప్పి, మిగతాది సడలించే పని మొదలుపెట్టింది. జెట్ల కోసం చేసిన ఆ ఆలోచన చిన్న విమానాలకూ పనికొస్తుంది.

అపోహ, ఇది మా వాళ్లదే: ఏటీసీకి మనమంటే పడదు, దూరంగా ఉండటమే మేలు.

ఇది తప్పు, ప్రమాదకరం కూడా. కొన్నేళ్ల కిందట దక్షిణాదిలో ఒక విమానాశ్రయం అంచున నన్ను చెరువు మీద 20 నిమిషాలకు పైగా ఆర్బిట్లు (గుండ్రంగా చక్కర్లు) కొట్టించారు. అడిగినప్పుడల్లా స్టాండ్‌బై, అంటే ఆగమనే జవాబు. ఇంధనం చాలదనిపించి వెనక్కి తిరిగాను. చాలా కోపం వచ్చింది. తర్వాత తెలిసింది, ఆ ఫ్రీక్వెన్సీలో ఒక్కరే పన్నెండు విమానాలు చూస్తున్నారని. నా మొదటి కాల్ కూడా చక్కగా లేదు. ఎక్కడున్నానో, ఎంత ఎత్తో, ఏం కావాలో ఒకే ఊపిరిలో చెప్పి ఉంటే వాళ్లకు నిర్ణయం తేలికయ్యేది. ట్రాన్స్‌పాండర్ ఎత్తు చెప్పకుండా ఎగిరితే జెట్‌లోని టీకాస్ మన నుంచి తప్పుకునే దారి చెప్పలేదు, అసలు ఆఫ్ చేస్తే మనం దానికి లేనట్టే. ఆ పద్ధతి మా వైపు ఇంకా చాలామంది నేర్చుకోవాలి.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, హోసూరులో కొత్త విమానాశ్రయం కడతామని తమిళనాడు 2024లో ప్రకటించింది. బెంగళూరు రెండో విమానాశ్రయానికి కనకపుర రోడ్డు, నెలమంగల వైపు స్థలాలు చూస్తున్నారు. అవి వస్తే ఒక్కోదాని చుట్టూ ఒక్కో బోర్లించిన గోపురం వస్తుంది. జక్కూరు, యలహంక, హెచ్ఏఎల్, దేవనహళ్లి ఇప్పటికే పక్కపక్కన ఉన్నాయి. ఆ గీతలు గీసే బల్ల దగ్గర ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ), వైమానిక దళం ఉంటాయి. ఫ్లయింగ్ స్కూళ్ల వాళ్లు ఒకరైనా అక్కడ కూర్చోవాలి, ప్రతి మెట్టుకూ కింది హద్దు ఎందుకు అంత ఎత్తులో పెట్టారో రాతపూర్వకంగా అడగాలి.

ఆ హిందూపురం నాన్నగారికి ఇంత వివరంగా చెప్పలేకపోయాను. మ్యాపు తీసి, హెసరఘట్ట, దొడ్డబళ్లాపుర, గౌరీబిదనూరు మీదుగా మేం పెన్సిలుతో గీసుకున్న వంకర దారి చూపించాను. ఆయన దాని మీద వేలు పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయి హిందూపురం దగ్గర ఆపారు. "మా మిద్దె మీద నిలబడితే కనబడుతుందా సార్?" అన్నారు. మేఘాలు పైన ఉంటే 2,500 అడుగుల్లో వస్తాం, కనబడుతుందని చెప్పాను.