సాలార్‌జంగ్ మ్యూజియం చూడబోతున్నారా? అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతాను. సెలవుల్లో వాళ్లనూ, ఇంట్లో పెద్దవాళ్లనూ వెంటబెట్టుకుని హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్తుంటాను. బస్సులో ప్రతిసారీ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిని నమ్మితే చూడాల్సింది చూడకుండానే ఇంటికొస్తాం.

అపోహ: టికెట్ కొన్నాక గదులన్నీ తిరగాల్సిందే.

వాస్తవం: అక్కడున్నవి 30కి పైగా గ్యాలరీలు. మధ్యాహ్నానికి కాళ్లు లాగేస్తాయి, ఆ తర్వాత ఏం చూసినా మనసుకెక్కదు. నాలుగైదు గదులు చాలు. మిగతావి ఇంకోసారి.

అపోహ: మ్యూజియంలో పేరున్న బొమ్మ, ముసుగు వేసుకున్న స్త్రీ పాలరాతి శిల్పం 'ముసుగు రెబెక్కా' ముఖం మీద పల్చటి రాతి పొర అతికించారు.

వాస్తవం: ముఖమూ ముసుగూ ఒకే పాలరాయి. చెక్కింది ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని. ముక్కు, చెంపల దగ్గర ఆగి చూడండి. అక్కడ మడతలు తక్కువ, రాయి నున్నగా ఉంటుంది. పక్కలకు వచ్చేకొద్దీ మడతలు లోతుగా దిగుతాయి, వాటిలో నీడ నిలుస్తుంది. నీడను చూసి మన కన్ను బట్ట అనుకుంటుంది, నునుపును చూసి లోపల ముఖం ఉందనుకుంటుంది. మా పిల్లలకు ముఖం వద్దు, మడతలు మాత్రమే గీయమంటాను. గీస్తుంటే ముఖం దానంతటదే వచ్చేస్తుంది, వాళ్లు ఎగిరి గంతేస్తారు.

ప్రపంచంలో ఇలాంటిది ఇదొక్కటే అన్నదీ నిజం కాదు. బెంజోని ఇదే శిల్పాన్ని మళ్లీ మళ్లీ చేశారు, అమెరికాలో అట్లాంటా, డెట్రాయిట్ మ్యూజియాల్లోనూ ఉన్నాయి. అంతమాత్రాన మనదాని విలువేమీ తగ్గదు.

మ్యూజియంలోని వస్తువులన్నీ ఒక్కరే కొన్నారనీ అంటారు. ఎక్కువ భాగం సేకరించింది మూడో సాలార్‌జంగ్ (నిజాం దివాన్ల కుటుంబం బిరుదు ఇది) మీర్ యూసుఫ్ అలీఖాన్, నిజమే. కానీ ఆయన పుట్టింది 1889లో. రెబెక్కాను 1876లోనే రోమ్‌లో కొన్నది ఆయన తాత, మొదటి సాలార్‌జంగ్.

అపోహ: కరెంటు ఆదా కోసం లైట్లు తగ్గిస్తారు.

వాస్తవం: పాత బట్టలు, కాగితం మీది రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి, పోయిన రంగు మళ్లీ రాదు. అందుకే అలాంటివాటికి మ్యూజియాల్లో వెలుతురును 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరు. రెండు నిమిషాలు నిలబడండి, కన్ను అలవాటు పడుతుంది. దయచేసి ఫ్లాష్ కొట్టకండి.

గంట కొట్టే వేళకు జనమంతా సంగీత గడియారం ముందు చేరతారు. రెబెక్కాను తీరిగ్గా చూడాలంటే అదే సమయం.

అపోహ: మన నల్లగొండ వైపు చూడటానికి ఏముంది?

ఈ మాట నాకు బాధేస్తుంది. నల్లగొండ పక్కనే ఉన్న పానగల్ పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద రామాయణ, భారత కథలున్నాయి, ఆవరణలోనే మ్యూజియం ఉంది. పాలమూరు వాళ్లకు అలంపురం గుళ్లున్నాయి. మన ఫణిగిరి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లాయి. హైదరాబాద్ వెళ్లేముందు ఒక పూట పానగల్‌లో గడపండి, రాతిని ఎలా చూడాలో అక్కడే తెలుస్తుంది. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు, అది చూసుకుని బస్సెక్కండి.