మడమకు తగిలిన బంతి ఎవరి ఖాతాలో?

సంక్రాంతికి మా ఊళ్లో రెండు బరులు తయారవుతాయి. ఒకటి భీమవరం రోడ్డు పక్కన కొబ్బరితోటలో, రెండోది మా పెదనాన్నగారి హాల్లో టీవీ ముందు. మొన్నటి పండగకు ఆ రెండో బరిలో గొడవ జరిగింది. హైదరాబాద్ నుంచి వచ్చిన మా అన్నయ్య కొడుకు, ఊళ్లోనే ఉంటున్న వాడి బావ ఫుట్‌బాల్ వీడియో గేము ఆడుతున్నారు. స్కోరు చెరొకటి. 89వ నిమిషంలో బావ కొట్టిన బంతి గోలుకు బారెడు దూరంగా పోతూ, అడ్డొచ్చిన డిఫెండర్ మడమకు తగిలి దారి మార్చుకుంది. గోల్‌కీపర్ అప్పటికే అటు దూకేశాడు. బంతి ఇటు మూలకు నింపాదిగా దొర్లింది.

"ఇది ఆటా, గుండాటా బావా?" అంటూ కుర్రాడు కంట్రోలర్‌ను పరుపు మీదకు విసిరాడు. బావ అరిసె కొరుకుతూ, "నువ్వు వేస్తే ఆట, నేను వేస్తే గుండాట" అన్నాడు.

డెల్టాలో పుట్టినవాళ్ల నోటికి ఆ పోలిక తేలికగా వస్తుంది. గుండాటలో పాచిక ఎటు పడితే అటు పోవడమేననీ, పేకాటలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకున్నవాడిదే పైచేయి అనీ ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. కోడిపందెం రెండింటికీ మధ్యన ఉంటుంది. నెలల తరబడి బాదం పప్పు పెట్టి, ఈత కొట్టించి తయారుచేసిన పుంజునే, ఏ రోజు డేగ గెలుస్తుందో ఏ జాములో కాకి గెలుస్తుందో (రంగును బట్టి పుంజుల పేర్లు ఇవి) కుక్కుట శాస్త్రంలో చూసుకుని మరీ దింపుతారు. ఈ గీత గీయవలసిన అవసరం సుప్రీంకోర్టుకూ వచ్చింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడించారని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని 1967లో తీర్పు చెప్పింది. మూడు ముక్కలాటను మాత్రం ఆ లెక్కలో చేర్చలేదు. పంచేటప్పుడు చేతికి ఏ ముక్క వస్తుందో తెలియనంత మాత్రాన ఆట మొత్తం జూదమైపోదన్న మాట.

ఫుట్‌బాల్ గేముల్లో ఈ తగవుకు పునాది బంతి కాలిని వదిలినప్పుడే పడింది. అంతకుముందు చాలా గేముల్లో బంతి పాదానికి బంకలా అతుక్కుని తిరిగేది. 1989లో వచ్చిన 'కిక్ ఆఫ్' గేములో దాన్ని తయారుచేసిన డినో డిని బంతిని పాదం నుంచి విడదీశాడు. మలుపు తిరగడం ఆలస్యమైతే బంతి తన దారిన తాను పోయేది. ఆడటం కష్టమైంది, ఓడినవాడికి సాకూ దొరికింది. 1993లో ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) సంస్థ 'ఫిఫా' గేముల వరసను మొదలుపెట్టింది. జపాన్‌కు చెందిన కొనామి తన గేముల్లో మ్యాచ్‌కు ముందు ప్రతి ఆటగాడి పేరు పక్కన ఒక బాణం పెట్టింది. పైకి చూస్తే మంచి ఊపులో ఉన్నట్టు, కిందికి చూస్తే నలతగా ఉన్నట్టు. జట్టులోకెల్లా గొప్పవాడి బాణం నేలచూపులు చూస్తుంటే వాడిని దింపాలా, కూర్చోబెట్టాలా? జామును బట్టి పుంజును మార్చే పందెగాడి అవస్థే ఇది. నాకు ఆ బాణం మహా ముచ్చట. అదృష్టాన్ని దాచిపెట్టదు, ముందే చూపించి ఏం చేసుకుంటావో చేసుకోమంటుంది.

2011లో 'ఫిఫా 12' వచ్చాక ఎవరి కాలు ఎవరికి ఎక్కడ, ఎంత బలంగా తగిలిందో కంప్యూటర్ అప్పటికప్పుడు లెక్కకట్టడం మొదలుపెట్టింది. మడమకు తగిలి దారి తప్పే బంతులకు ఇలాంటి లెక్కలే తల్లి. ఇక షాటు సంగతి. బటన్ నొక్కిన క్షణంలో గోలుకు కొట్టడంలో ఆటగాడి సత్తాకు గేము ఇచ్చిన అంకె, అది వాడి మంచి కాలా కాదా, ఒళ్లు ఎటు తిరిగి ఉంది, పక్కన ఎవరైనా నెడుతున్నారా అన్నవన్నీ చూసి, బంతి ఎంతవరకు గురి తప్పవచ్చో గేము తేలుస్తుంది. ఆ హద్దులో బంతి ఎక్కడికైనా పోవచ్చు. హద్దును చిన్నది చేసుకోవడమే ఆటగాడి పనితనం. ఈ గురి తప్పడమే లేకపోతే ప్రతి మ్యాచూ కబడ్డీ స్కోరుతో ముగుస్తుంది. నిజం మైదానాల్లో ఆడిన 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో 64 మ్యాచ్‌లకు కలిపి పడిన గోల్స్ 172, అంటే మ్యాచ్‌కు మూడు కూడా లేవు. అంత పిసినారి ఆటలో ఒక్క మడమ ఫలితాన్ని మార్చేయడం వింతేమీ కాదు.

అయినా పనితనం నిలుస్తుంది. ఫిఫా గేము ఆడేవాళ్ల కోసం 2004లో మొదలైన ఫిఫా ఇంటరాక్టివ్ ప్రపంచకప్‌ను స్పెయిన్‌కు చెందిన అల్ఫోన్సో రామోస్ 2008లోనూ 2012లోనూ గెలిచాడు. ఫ్రాన్స్‌కు చెందిన బ్రూస్ గ్రానెక్ 2009లో, మళ్లీ 2013లో గెలిచాడు. గుండాటలో ఇలా జరగదు.

ఓడిపోతున్నవాడికి గేమే చాటుగా సాయం చేస్తుందన్న అనుమానం మాత్రం పోలేదు. ఆటగాడిని బట్టి కష్టాన్ని తగ్గించి పెంచే పద్ధతిపై ఈఏ పేటెంట్‌కు దరఖాస్తు చేసిందని 2018లో బయటపడగానే అది ఇంకా ముదిరింది. 2020లో కాలిఫోర్నియాలో కొందరు ఈఏ మీద దావా వేశారు. ఆ పద్ధతిని ఫిఫాలో వాడలేదని సంస్థ చెప్పింది, వివరాలు చూశాక వేసినవాళ్లే 2021లో వెనక్కి తీసుకున్నారు.

నా లెక్కలో అసలు గుండాట మైదానంలో లేదు, అంగట్లో ఉంది. ఫిఫా గేముల్లో సొంత జట్టును కూర్చుకునే విభాగంగా 2009లో మొదలైన 'అల్టిమేట్ టీమ్'లో ఆటగాళ్లు మూసిన ప్యాకెట్లలో వస్తారు. ఆడి సంపాదించుకోవచ్చు, డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు, లోపల ఎవరున్నారో మాత్రం తెరిచేదాకా తెలియదు. 2018లో బెల్జియం అధికారులు ఇలాంటి వాటిని జూదం అన్నారు, మరుసటి ఏడాది ఈఏ అక్కడ ప్యాకెట్లకు వాడే పాయింట్ల అమ్మకం ఆపేసింది. పక్కనే ఉన్న నెదర్లాండ్స్‌లో కోటి యూరోల జరిమానా వేశారు. కానీ ప్యాకెట్ విడిగా ఒక ఆట కాదు, నైపుణ్యంతో ఆడే ఆటలో భాగమే అని 2022లో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. మన దేశంలో 2025 నాటి ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే వీడియో గేముల పోటీలను, గుర్తించింది. డబ్బు పందెంగా కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మాత్రం, నైపుణ్యమా అదృష్టమా అన్న ప్రశ్నే వదిలేసి, నిషేధించింది.

కనుమ రాత్రి మా కుర్రాడు నాయనమ్మ ఇచ్చిన పండగ డబ్బుతో ఆరు ప్యాకెట్లు తెరిచాడు. వచ్చినవాళ్లంతా అప్పటికే వాడి జట్టులో ఉన్నవాళ్లే. గుండాట అన్న మాట వాడి నోట రాలేదు. మడమ గోలు గురించి మాత్రం ఇప్పటికీ ఫోన్‌లో అడుగుతూనే ఉన్నాడు.