కోత నాలుగు రోజులు ఆలస్యమైతే పాలకేం నష్టం?

దాణా తగ్గించి సొంత పొలంలో పండిన మేత మీదే ఆవుల్ని ఉంచితే పాలు పడిపోతాయని చాలామంది అంటారు. అందులో నిజం లేకపోలేదు, కానీ నెపమంతా గడ్డి మీదే వేస్తారు. నన్నడిగితే ఏం మేపారన్న దానికంటే దాన్ని ఎప్పుడు కోశారన్నది ముందు అడగాలి.

గడ్డిలోని పీచును ఆవు తనంతట తాను అరిగించుకోలేదు. వంద లీటర్లకు పైగా పట్టే దాని మొదటి పొట్టలో (రూమెన్) ఉండే సూక్ష్మజీవులు ఆ పీచును పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. వాటిలో ఎసిటేట్ పాలలోని వెన్నకు ముడిసరుకు. ప్రొపియోనేట్ కాలేయంలో గ్లూకోజుగా మారి, పొదుగులో లాక్టోజ్ (పాలలోని చక్కెర) అవుతుంది, ఆ లాక్టోజ్ నీళ్లను లాగుతుంది కాబట్టి పాలు ఎన్ని లీటర్లన్నది చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. గింజల పిండి పదార్థం నుంచి ప్రొపియోనేట్ ఎక్కువగా వస్తుంది. అందుకే దాణా తగ్గిస్తే వెన్న శాతం బాగానే ఉన్నా లీటర్లు తగ్గుతుంటాయి.

ఇక కోత సంగతి. మొక్క ముదిరేకొద్దీ కాండంలో లిగ్నిన్ అనే గట్టి పదార్థం పేరుకుంటుంది, దాన్ని ఆ సూక్ష్మజీవులు కూడా ఏమీ చేయలేవు. ముదురు మేత పొట్టలో ఎక్కువసేపు ఉండిపోతుంది, చోటు ఖాళీ అయితేనే కదా ఆవు మళ్లీ తినేది! కడుపు నిండుగానే ఉంటుంది, శక్తి మాత్రం చాలదు. ఇంకో నాలుగు రోజులు ఆగితే మోపు బరువు పెరుగుతుందన్న ఆశే ఇక్కడ కొంప ముంచుతుంది.

మొక్కజొన్న సైలేజీలో (పచ్చిగా కోసి, గాలి తగలకుండా పులియబెట్టి దాచిన మేతలో) శక్తి దండిగా ఉంటుంది గానీ, ఎండు బరువులో ప్రోటీన్ సుమారు 8 శాతమే. మొగ్గ దశలో కోసిన పప్పుజాతి మేత లూసర్న్‌లో అది 20 శాతం దాకా ఉంటుంది, పైగా వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా వల్ల గాలిలోని నత్రజని దానికి అందుతుంది కాబట్టి యూరియా ఖర్చూ తగ్గుతుంది. రెండూ కలిపి పెడితేనే మేలు. ఒక్క లూసర్నే వేస్తే, శక్తి చాలక, దాని ప్రోటీన్‌లో చాలా భాగం అమ్మోనియాగా మారి మూత్రంలో పోతుంది.

అయితే ఈనిన మొదటి వారాల్లో, ఎక్కువ పాలిచ్చే ఆవుకు ఎంత లేత మేతైనా చాలదు, ఒంట్లో కొవ్వు కరిగించుకుని మరీ పాలిస్తుంది. అప్పుడు దాణా ఆపడం పొదుపు కాదు. వట్టిపోయే దశకు దగ్గరైన ఆవుకు మాత్రం మంచి మేత ఉంటే దాణా బాగా తగ్గించొచ్చు. మందలో అన్నిటికీ ఒకే కొలత దాణా పోసే అలవాటే నాకు ఎప్పటికీ అర్థం కాదు.