కత్తి ముందు, సూది తర్వాత

చిరంజీవులు చిన్నీకి, బాబీకి,

అమ్మమ్మ ఆశీస్సులు. మొన్న ఆదివారం ఫోనులో మీరు చెప్పినది నాకు సగమే అర్థమైంది. నేను చెప్పినది మీకు పావువంతయినా అర్థమై ఉండదు. ఒకరు దారం తెగుతోందంటారు, ఇంకొకరు తెగడం కాదు చిక్కుపడుతోందంటారు, వెనక నుంచి మీ అమ్మ "అంత డబ్బు పోసి కొన్నాను" అని ఒకటే గోల. నాలుగు దారాల ఓవర్‌లాక్ మిషను తగువు ఫోనులో తీరేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఈ ఉత్తరం మిషను పక్కన పెట్టుకుని చదవండి. చదువుతున్నంతసేపూ ప్లగ్గు మాత్రం తీసి ఉంచండి.

ముందుగా మీ టీషర్టు ఒకటి తిరగేసి చూడండి. పక్క కుట్టు దగ్గర గుడ్డ అంచును దారాలు జడ అల్లినట్టు చుట్టుకుని ఉంటాయి. అదే ఓవర్‌లాక్. రెండు ముక్కలను కలపడం, ఎక్కువైన గుడ్డను కోసేయడం, కోసిన అంచు ఊడకుండా దారంతో చుట్టేయడం, మూడూ ఒకే పరుగులో జరిగిపోయాయి అక్కడ. ఇప్పుడు అదే టీషర్టు కింది మడత చూడండి. పైకి రెండు సమానమైన గీతలు, లోపల వలలాంటి అల్లిక. అది కవర్‌స్టిచ్, వేరే మిషను పని. మీ మిషను అలా కుట్టడం లేదని బాబీ దిగులు పడనక్కరలేదు. ఇది కాజాలు కూడా కుట్టదు, జిప్పు వేయడానికి పనికిరాదు. పాత కుట్టు మిషనును అటకెక్కించే ఆలోచన ఉంటే మానుకోండి.

మీరు చూసే అమెరికా వీడియోలలో దీన్ని సెర్జర్ అంటారు. మన టైలర్లకు ఓవర్‌లాక్ మిషనే. చీరల దుకాణం ముందు "ఫాల్, పీకో" అని బోర్డు ఉంటుంది కదా, ఆ పీకో ఇది కాదు. పీకోలో చీర అంచును సన్నగా చుట్టి జిగ్‌జాగ్ కుట్టు వేస్తారు. ఈ కుట్టు పుట్టిల్లు అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, మెర్రో అనే కుటుంబం నడిపిన అల్లిక బట్టల మిల్లు. అల్లిన గుడ్డను కోస్తే అంచు విడిపోతుంది కాబట్టి, క్రోషా అల్లినట్టు ఆ అంచును చుట్టే మిషను కోసం జోసెఫ్ మెర్రో పాటుపడ్డాడు. 1881లో మిషను తయారైంది, 1889లో పేటెంటు వచ్చింది. ఇంట్లో బల్ల మీద పెట్టుకునేంత చిన్నది రావడానికి మరో డెబ్బై ఎనభై ఏళ్లు పట్టింది. 1960లలో జపాన్‌వాళ్లు తెచ్చారు. చరిత్ర ఇంతటితో చాలు.

మీరు దీన్ని కుట్టు మిషను అనుకుంటున్నారు. నేను కోసే మిషను అంటాను. ముందు మూత తెరిచి చూడండి. సూదులకు కుడి పక్కన, వాటికంటే కాస్త ముందుగా రెండు కత్తులు ఉన్నాయి. కిందిది కదలదు, పైది కత్తెర అలగులా పైకీ కిందికీ ఆడుతుంది. గుడ్డ ముందు కత్తి దగ్గరకు వెళ్తుంది, ఆ తర్వాతే సూది దగ్గరకు. అంటే తప్పు కుట్టానని మీకు తెలిసేసరికి తప్పు కోత కూడా పడిపోయి ఉంటుంది. కుట్టు విప్పవచ్చు, కోత విప్పలేము.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను, మీ అమ్మకు చెప్పకండి. పక్కవీధి టైలరు దుకాణం ఎత్తేస్తుంటే నేను పాత మూడు దారాల మిషను కొన్నాను. తెచ్చిన వారంలోనే మీ అమ్మ పట్టు పరికిణీ దాని మీద పెట్టాను. సంక్రాంతికి రెండు రోజులుంది. నడుము పట్టీ అంచు చక్కగా పరుగెత్తుతోంది, నేను మురిసిపోతూ పైకే చూస్తున్నాను. కింద కుచ్చిళ్లు ఒక మడత కత్తి కిందికి జారాయి. బయటికి తీసి చూస్తే నాలుగంగుళాల చీలిక! అంచు మాత్రం ఎంతో ముచ్చటగా ఓవర్‌లాక్ అయి ఉంది. రాత్రంతా కూర్చుని ఆ చీలిక మీద జరీ ముక్కతో మామిడి పిందె కుట్టాను. పండగనాడు అందరూ ఆ పిందె బాగుందన్నారు, ఎవరు కుట్టారని అడిగారు. నేను నోరు మెదపలేదు.

అందుకని పెడల్ మీద కాలు వేసే ముందు, గుడ్డ కింద అరచేయి పెట్టి ఒకసారి తడమండి. ప్రతిసారీ. గుండుసూదులు పెడితే అంచుకు అంగుళం ఎడంగా, కుట్టుకు సమాంతరంగా పెట్టండి. అంచుకు అడ్డంగా పెట్టిన గుండుసూది కత్తి కింద పడితే కత్తి మొన విరుగుతుంది, ముక్క ఎగిరి కంటికి తగలవచ్చు. గుండుసూదులకు బదులు ప్లాస్టిక్ క్లిప్పులు వాడితే ఇంకా మంచిది, దగ్గరకు వస్తుంటే కనపడతాయి. మూత తెరిచి ఉండగా మిషను నడపకండి. ఇది మామూలు మిషను కంటే వేగంగా పోతుంది, నిమిషానికి 1300 కుట్ల దాకా వేసే ఇంటి మిషన్లు ఉన్నాయి. మొదట్లో బాబీ కాలు కంటే చిన్ని కాలే నయం అనుకుంటాను, మెత్తగా నొక్కుతుంది.

రవికల విషయంలో ఇంకో జాగ్రత్త. మన టైలరు పక్క కుట్టు లోపల అంగుళమో, అంగుళమున్నరో గుడ్డ వదులుతాడు. రేపు ఒళ్లు వస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవడానికి. అమెరికా వీడియోలలో పిల్ల ఆ గుడ్డంతా కత్తితో కోసి పారేసి, ఎంత శుభ్రంగా ఉందో చూడండి అంటుంది. ఆమె రవిక ఆమె ఇష్టం. మీరు మాత్రం ముందు మామూలు మిషను మీద కుట్టి, వదిలిన గుడ్డ చివర వెంట్రుకవాసి తెగేలా అంచుకు మాత్రమే ఓవర్‌లాక్ వేయండి. చాలా ఇంటి మిషన్లలో పై కత్తిని ఆపే ఏర్పాటు ఉంటుంది. మీ దానిలో అది ఎక్కడుందో ఈ రోజే వెతికి పెట్టుకోండి. అలాగే మగ్గం మీద నేసిన అంచు దానంతటదే ఊడదు. మంగళగిరి నూలు గుడ్డ తెస్తే కోసిన పక్కకే ఓవర్‌లాక్, నేత అంచు జోలికి పోవద్దు.

ఇప్పుడు మీ దారం సంగతి. మామూలు మిషనులో కింది దారం చుట్టి పెట్టే చిన్న బాబిన్ ఇందులో లేదు. దాని బదులు లూపర్లనే రెండు కొక్కేలున్నాయి, ఒకటి పైది, ఒకటి కిందిది. సూది దారాన్ని గుడ్డలోంచి కిందికి దింపుతుంది. కింది లూపర్ వచ్చి ఆ దారం ఉచ్చులోంచి తన దారాన్ని అంచు వైపు తీసుకెళ్తుంది. పై లూపర్ దాన్ని అందుకుని అంచు చుట్టూ పైకి తెస్తుంది. ఈసారి సూది దిగేటప్పుడు ఆ పై దారాన్ని గుడ్డకు బిగిస్తుంది. చేతి చక్రాన్ని మీ వైపు మెల్లగా తిప్పుతూ నాలుగైదు సార్లు చూడండి, నేను రాసినదానికంటే బాగా తెలుస్తుంది.

అందుకే దారం ఎక్కించే వరసకు అంత పట్టింపు. ముందు పై లూపర్, తర్వాత కింది లూపర్, ఆ తర్వాత సూదులు. మీ మిషను పుస్తకంలో ఇంకో వరస ఉంటే దాన్నే పాటించండి, అయితే సూదులు చివరికి రావడం మామూలు. సూదికి ముందే దారం ఉంటే అది కింది లూపర్ మీద అడ్డంగా పడి ఉంటుంది, ఆ తర్వాత ఎక్కించిన లూపర్ దారం దానిలో ఇరుక్కుంటుంది. జానెడు కుట్టేలోపే టప్పున తెగుతుంది. మీరు ఆదివారం చేసింది అదేనని నా అనుమానం: కింది లూపర్ దారం తెగింది, అది ఒక్కటే మళ్లీ ఎక్కించారు, సూది దారాలు అలాగే ఉంచారు. కింది లూపర్ దారం తెగితే సూదుల బెజ్జాల్లోంచి దారాలు లాగేసి, లూపర్ ముగిశాక మళ్లీ ఎక్కించాలి. విసుగే, కానీ పదిసార్లు తెగడం కంటే ఒక విసుగు మేలు.

ఎక్కించేటప్పుడు గుడ్డను నొక్కిపట్టే మిషను పాదం పైకెత్తి ఉంచండి. చాలా మిషన్లలో అప్పుడే దారానికి బిగువునిచ్చే టెన్షన్ బిళ్లలు తెరుచుకుని దారం వాటి మధ్య కుదురుతుంది. కండెల వెనక ఉన్న కడ్డీని చివరిదాకా పైకి లాగండి, సగంలో వదిలితే దారం సాఫీగా రాదు. డబ్బాలో సన్నని పట్టకారు వచ్చి ఉంటుంది, అది బొమ్మకు కాదు, లూపర్ బెజ్జం అందుకోవడానికి. ఈ నెలంతా నాలుగు రంగులు వాడండి. పై లూపర్‌కు ఎరుపు, కింది లూపర్‌కు పసుపు, ఎడమ సూదికి నీలం, కుడి సూదికి ఆకుపచ్చ. అందంగా ఉండదు, కానీ తప్పు ఏ దారానిదో రంగే చెబుతుంది.

రంగు ఎలా చెబుతుందంటే, కుట్టు సరిగ్గా ఉంటే ఎరుపు పైనే కనపడాలి, పసుపు కిందే, రెండూ సరిగ్గా అంచు మీద కలవాలి. పసుపు పైకి తొంగిచూస్తే ఎరుపు బిగువుగా ఉంది, లేకపోతే పసుపు వదులైంది. ఎరుపు కిందికి దిగితే దానికి తిరగేసి చూసుకోండి. అడుగున నీలమో ఆకుపచ్చో ఉచ్చులుగా వేలాడితే ఆ సూది దారం వదులు. రెండు ముక్కలను విడదీసి లాగినప్పుడు మధ్యలో నిచ్చెన మెట్లలా దారాలు కనపడితే ఎడమ సూది బిగించాలి. ఒకసారి ఒక్క టెన్షన్ మీటనే, అరంకె చొప్పున తిప్పండి. బాబీ నాలుగూ ఒకేసారి తిప్పే రకం, వాడి చేతికి ఇవ్వకు చిన్నీ. అయినా మీటల జోలికి పోయే ముందు దారం మళ్లీ ఎక్కించి చూడండి. టెన్షన్ తప్పనుకున్న వాటిలో ఎక్కువ భాగం దారం బిళ్లల్లో కూర్చోకపోవడమేనని నా అనుభవం.

గుడ్డ పెట్టే ముందు ఉత్తి గాలిలోనే కాస్త నడపండి. నాలుగు దారాలూ పెనవేసుకుని గొలుసులా బయటికి వస్తాయి. గొలుసు సాఫీగా వస్తే మిషను మాట వింటున్నట్టే. గుడ్డ చివరికి చేరాక ఆపేయకండి, నాలుగంగుళాల గొలుసు వచ్చేదాకా పోనివ్వండి. ఇందులో వెనక్కి కుట్టడం లేదు కాబట్టి ఆ గొలుసును పెద్ద బెజ్జం సూదితో కుట్టులోకే తిరిగి దూర్చి కత్తిరించాలి. కుట్టు విప్పాల్సి వస్తే సూది దారాలు రెండూ లాగేయండి, లూపర్ దారాలు వాటంతటవే రాలిపోతాయి. ఇది మాత్రం ఎంతో హాయి.

టీషర్టు గుడ్డ కుట్టినప్పుడు అంచు అప్పడం అంచులా వంకర్లు తిరుగుతుంది. పాదం కింద రెండు జతల పళ్లున్నాయి, ముందువి, వెనకవి. ముందు పళ్లు ఎక్కువ గుడ్డ అందించేలా డిఫరెన్షియల్ ఫీడ్ మీటను 1 నుంచి 1.5 వైపు తిప్పితే వంకర్లు సర్దుకుంటాయి. పలచని షిఫాను ముడుచుకుపోతుంటే 1 కంటే తగ్గించండి. నూలు గుడ్డకు 1 దగ్గరే ఉంచండి.

మొదటి వారం తాతయ్య పాత లుంగీలు చింపుకుని చారలు చారలుగా కోసి కుట్టండి, ఆయనను అడిగాను, సరేనన్నారు. తర్వాత దిండు గలీబులు, కూరగాయల సంచులు. అన్నీ తిన్నని కుట్లే. మూల దగ్గర తిప్పే ప్రయత్నం చేయకుండా గుడ్డ బయటికి వచ్చేదాకా కుట్టి, రెండో పక్క కొత్తగా మొదలుపెట్టండి. చంకలు, మెడ లాంటి వంపులకు ఇంకా వేళ కాలేదు. కొత్త నూలు గుడ్డ తడిపి ఆరబెట్టాకే కోయండి. సాయంత్రం లేచే ముందు లోపలి నూగు బ్రష్షుతో తుడవండి. కత్తి ఉన్న మిషను కదా, చెత్త అంతా లోపలే రాలుతుంది. రెండు రోజుల పనికే గుప్పెడు నూగు వస్తుంది.

మీరు కుట్టిన చారల్లో బాగా రానిది ఒకటి కవరులో పెట్టి పంపండి, రంగులు చూసి ఏ మీట తిప్పాలో రాస్తాను. బాగా వచ్చినవి మీరు ఉంచుకోండి. వచ్చే నెల వస్తాను. మీ అమ్మ బీరువాలో మడతపెట్టిన నా నీలం పట్టు రవిక వదులు చేయాలని ఉందట చిన్నికి. నేను వచ్చేదాకా దాన్ని ఆ మిషను ఉన్న గదిలోకి కూడా తేకండి.

మీ
అమ్మమ్మ