పద్దెనిమిదిన్నర కవులు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

అష్టదిగ్గజాల పాఠం చదివి, "వేరే భాషల రాజులూ కవుల్ని ఇలాగే పోషించారా?" అని అడిగారు కదా. మలయాళం సంగతి చెప్తాను, కాస్త తమాషాగా ఉంటుంది.

15వ శతాబ్దంలో కోజికోడ్‌ను ఏలిన సామూతిరి (అక్కడి రాజుల బిరుదు) మానవిక్రముడి కొలువులో పద్దెనిమిదిన్నర మంది కవులుండేవారని ప్రతీతి. ఆ అర ఎవరనుకున్నారు? పునం నంబూద్రి. మిగతావాళ్లంతా సంస్కృత కవులు, ఈయన మలయాళంలో రాసేవాడు కాబట్టి సగం లెక్క! సొంత గడ్డ మీద సొంత భాషకు దక్కిన మర్యాద అది. ఆ కొలువులోనే ఉద్దండశాస్త్రి అనే సంస్కృత పండితుడికి భాషాకవులంటే మహా చులకన. అలాంటివాడు, ఒకరోజు పునం చదివిన పద్యం విని తట్టుకోలేక, తన పట్టువస్త్రం తీసి ఇచ్చేశాడట. కథే కావచ్చు, నాకు మాత్రం భలే ఇష్టం.

ఉత్తరాన కోలత్తునాడు రాజు ఉదయవర్మది వేరే దారి. ఆయన చదరంగంలో ఓడిపోబోతుంటే, బిడ్డను జోకొడుతున్న రాణి ఆ పాటలోనే ఎత్తు అందించిందట. ఆ జోలపాట వరసలోనే కృష్ణకథ రాయమని రాజు చెరుశ్శేరి అనే కవిని అడిగాడని చెబుతారు. అలా వచ్చిన 'కృష్ణగాథ'లో సంస్కృతం బరువు తక్కువ. పండితులు విప్పి చెప్పక్కర్లేకుండానే జనం పాడుకున్నారు.

రాజు చేయి విదిల్చినంత మాత్రాన భాష పెరగదర్రా, ఆ సొమ్ముతో తయారైంది ఎవరి చెవిన పడిందో చూడాలి. 18వ శతాబ్దంలో కుంజన్ నంబియార్ అనే కవి అంబలప్పుళలో చెంబకశ్శేరి రాజు ఆశ్రయంలో ఉండేవాడు. గుడిలో చాక్యార్ కూత్తుకు (చాక్యార్ అనే కళాకారుడు పురాణకథ చెప్పే ప్రదర్శనకు) మిళావు అనే పెద్ద వాద్యం వాయిస్తూ కునికిపాట్లు పడితే చాక్యార్ నలుగురిలో ఎగతాళి చేశాడట. మర్నాడే నంబియార్ పక్కనే తుళ్లల్ (పాడుతూ, ఆడుతూ కథ చెప్పే కళ) ఆడి జనాన్నంతా తనవైపు లాగేసుకున్నాడు. ఆయన రాసిన తుళ్లల్ పాటలో భీముడు, దారికడ్డంగా పడుకున్న ముసలి కోతితో (హనుమంతుడే లెండి) వాదులాడుతుంటే సంతలో తగువు విన్నట్టే ఉంటుంది. 1746లో తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ ఆ రాజ్యాన్ని కలిపేసుకున్నాక, కవి కూడా తిరువనంతపురం కొలువుకు చేరాడు.

ఆ వంశంలోని స్వాతి తిరునాళ్ తెలుగులోనూ కీర్తనలు రాశాడు. ఆయన పసివాడిగా ఉన్నప్పుడు ఇరయిమ్మన్ తంపి కట్టిన జోలపాటను మలయాళీ తల్లులు ఇప్పటికీ పాడతారు.

నన్నడిగితే కొలువు కవిత్వం కన్నా బడే పెద్ద మేలు చేసింది. 1817లో తిరువాన్కూరు రాణి గౌరీ పార్వతీబాయి చదువు ఖర్చు ప్రభుత్వమే భరించాలని ఉత్తర్వు ఇచ్చింది. తరువాత అక్కడే ఆయిల్యం తిరునాళ్ రాజు పాఠ్యపుస్తకాల కమిటీ వేయిస్తే, దాన్ని నడిపిన కేరళవర్మ వలియ కోయి తంపురాన్ పిల్లల కోసం వాచకాలు తయారుచేశాడు, చేయించాడు. అప్పటిదాకా పద్యానిదే రాజ్యం, వచనం నిలదొక్కుకున్నది ఇలాంటి పుస్తకాలతోనే.

ఆ రాజుకే కోపం వచ్చి 1875లో కేరళవర్మను నిర్బంధించాడు. రాజు పోయాకే, 1880లో, ఆయనకు విడుదల. హరిప్పాడ్‌లో భార్యకు దూరంగా గడిపిన ఆ రోజుల్నే ఆయన తర్వాత 'మయూరసందేశం' కావ్యంగా మలిచాడు.

మిగతా ప్రశ్నలు సెలవులకు వచ్చినప్పుడు అడగండి.

మీ తాతయ్య