నరాల నొప్పి, రోగనిరోధక కణాలు: అపోహలు – వాస్తవాలు

సర్పి (హెర్పిస్ జోస్టర్) పుళ్లు మానిపోయి నాలుగు నెలలైంది ఆ పెద్దాయనకి. అయినా చొక్కా ఒంటికి తగలకుండా రెండు వేళ్లతో ఎత్తి పట్టుకునే నా గదిలోకి వచ్చారు. దూదిని సన్నగా పోగు తీసి పక్కటెముకల మీద మెల్లగా రాశాను. "అబ్బా!" అని వెనక్కి జరిగిపోయారు. అక్కడ పుండు లేదు, ఎరుపు కూడా లేదు. తాకిడే నొప్పిగా మారే ఈ స్థితిని అలొడీనియా అంటాం. నరాల నొప్పికి వైద్యం చేసే నన్ను ఇలాంటివాళ్లు రోజూ అడిగే మాటల్లో కొన్నిటికి ఇక్కడ జవాబు చెబుతాను.

అపోహ: దెబ్బతిన్నది నరం. ఇమ్యూనిటీకి దీనితో పనేముంది?

చాలా పని ఉంది. నరం దెబ్బతినగానే మాక్రోఫేజ్‌లనే కణాలు అక్కడికి చేరి, చెడిపోయిన ముక్కల్ని మింగి శుభ్రం చేస్తాయి. అది జరగకపోతే నరం తిరిగి పెరగడమే కష్టం. అయితే ఆ పని చేస్తూనే అవి వదిలే రసాయనాలు పక్కనున్న నరాల్ని రెచ్చగొడతాయి. వెన్నుపాము పక్కన నరకణాలు గుంపుగా ఉండే ముడుల్లోనూ ఇవి పోగవుతాయి.

వెన్నుపాము లోపల మైక్రోగ్లియా అనే కాపలా కణాలుంటాయి. వీటిని 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఓర్తేగా గుర్తించారు. కాలి నరం దెబ్బతిన్న ఎలుకల్లో ఈ కణాల మీద పీ2ఎక్స్4 అనే గ్రాహకాలు పెరుగుతాయనీ, వాటిని అడ్డుకుంటే తాకిడి నొప్పి తగ్గుతుందనీ 2003లో తేలింది. కారణం 2005లో తెలిసింది. మైక్రోగ్లియా వదిలే బీడీఎన్ఎఫ్ అనే పదార్థం నరకణాల్లో క్లోరైడ్ లెక్కను తారుమారు చేస్తుంది. దాంతో నొప్పి సంకేతాలకు వేయాల్సిన బ్రేకు పట్టదు. దూది పోగు నిప్పులా తగిలేది అందుకే.

అపోహ: రిపోర్టులన్నీ నార్మల్, కాబట్టి నొప్పి మనసులోదే.

ఈ మాట విని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లని చూశాను. నరాల్లో సంకేతాల వేగాన్ని చూసే ఎన్‌సీవీ పరీక్ష లావు నరపోగుల్నే కొలుస్తుంది. మంట, చురుకు మోసేవి సన్నవి. సీఆర్‌పీ అనే రక్తపరీక్ష ఒంట్లోని వాపును చూపిస్తుందే తప్ప వెన్నుపాములో జరిగేదాన్ని కాదు. దూది, గుండుసూది, మీరు చెప్పే మాట... రోగ నిర్ధారణకి ఇవీ సాక్ష్యాలే.

అపోహ: ఇమ్యూనిటీ తక్కువై వచ్చింది, పెంచుకుంటే పోతుంది.

ఆ పేరుతో అమ్మే పొడులూ టానిక్కులూ నరాల నొప్పిని తగ్గిస్తాయనడానికి ఆధారం లేదు. డబ్బు దండగ.

అపోహ: అయితే ఈ కణాలే శత్రువులు, అణిచేస్తే సరి.

నేనూ ఒకప్పుడు ఇంచుమించు ఇలాగే అనుకున్నాను. కానీ మాక్రోఫేజ్‌లలోనే కొన్ని ఐఎల్-10 అనే రసాయనం వదిలి నొప్పిని చల్లారుస్తాయి. ఎలుకల్లోనైతే, వాపు నొప్పి తగ్గే దశలో కణానికి శక్తినిచ్చే తమ మైటోకాండ్రియాని నరకణాలకు అందించడం కూడా 2022లో కనిపించింది. అదే ఏడాది, కొత్తగా నడుంనొప్పి వచ్చినవాళ్ల రక్తం పరిశీలించారు. మొదట్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు బాగా చురుగ్గా ఉన్నవాళ్లకి మూడు నెలల్లో నొప్పి పోయింది. ఆ చురుకు లేనివాళ్లకి అలాగే ఉండిపోయింది. దీన్ని చూసి ఎవరూ వాడుతున్న మందులు సొంతంగా మానేయకండి. అది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయం.

పైగా ఆడా మగా తేడా ఉంది. మైక్రోగ్లియాని అడ్డుకుంటే మగ ఎలుకలకి నొప్పి తగ్గింది, ఆడవాటికి తగ్గలేదు. ఆడవాటిలో నొప్పిని పెంచే ఆ పని టీ కణాలనే వేరే రోగనిరోధక కణాలు చేస్తున్నట్టు 2015లో బయటపడింది. ఏళ్లపాటు ప్రయోగాలు ఎక్కువగా మగ ఎలుకల మీదే చేశామన్నది మా రంగంలో నన్ను బాధించే నిజం. మైక్రోగ్లియా లాంటి గ్లియా కణాల్ని శాంతపరిచే ప్రొపెంటోఫిలిన్ అనే మందు కూడా జంతువుల్లో బాగా పనిచేసి, సర్పి తర్వాతి నొప్పి ఉన్న మనుషుల్లో విఫలమైంది.

అపోహ: గట్టి పెయిన్ కిల్లర్ వేస్తే పోతుంది.

ఐబూప్రొఫెన్ లాంటివి దీనికి పెద్దగా పనిచేయవు. ముందుగా ఇచ్చేవి అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్. "అది డిప్రెషన్ మందు కదా డాక్టరుగారూ, నాకు పిచ్చా?" అని అడుగుతారు. కాదండీ. వాటిలో కొన్ని, పైన చెప్పిన ఆ బ్రేకును కొంత నిలబెడతాయి. కానీ ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా చెప్పాలి. 2015 నాటి సమీక్ష లెక్కలో, ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే అదనంగా ఒకరికి నొప్పి సగానికి తగ్గాలంటే అమిట్రిప్టిలిన్ తరగతి మందులు సుమారు నలుగురికి, ప్రీగాబాలిన్ దాదాపు 8 మందికి ఇవ్వాలి. ఒకటి పడకపోతే ఇంకొకటి చూస్తాం.

రోగనిరోధక కణాలే నేరుగా నరాల మీద పడే జబ్బులు వేరు. కాళ్లలో మొదలైన బలహీనత గంటల్లో, రోజుల్లో పైకి పాకుతుంటే అది గిలాన్ బారే అనే జబ్బు కావచ్చు. అప్పుడు నొప్పి మాత్రలతో కాలయాపన చేయకుండా ఆసుపత్రిలో చేరాలి. సర్పి పొక్కులు కనిపిస్తే 72 గంటల్లోపు యాంటీవైరల్ మొదలవ్వాలి. 50 దాటినవాళ్లకి దీనికి టీకా ఉంది. రెండు డోసులు.