పన్ను నొప్పి తగ్గిందంటే జబ్బు తగ్గినట్టేనా?

రాత్రంతా నిద్ర లేక పొద్దున్నే క్లినిక్‌కి వచ్చేవాళ్ళలో కొందరి చేతిలో చల్లనీళ్ళ సీసా ఉంటుంది. ఒక గుక్క పుక్కిట పట్టి కాసేపు ఊరుకుంటారు, మళ్ళీ ఇంకో గుక్క. నీళ్ళు నోట్లో ఉన్నంతసేపే వాళ్ళకి ప్రాణం కుదుటపడుతుంది. ఆ సీసా చూస్తే చాలు, నోరు తెరవకముందే నాకు సగం సంగతి తెలిసిపోతుంది. వేడికి పోటెత్తి, చల్లదనానికి తగ్గుతోందంటే పన్ను లోపలి నరం కోలుకునే దశ దాటిపోయినట్టే.

అపోహ: నొప్పి దానంతటదే పోయింది, ఇక డాక్టరు అక్కర్లేదు.

ఓ లారీ డ్రైవరు ఉగాది ముందు బుగ్గ ఉబ్బిపోయి వచ్చాడు. "నొప్పి సంక్రాంతికే తగ్గిపోయింది డాక్టరు గారూ, ఈ వాపు ఎందుకొచ్చిందో తెలీదు" అన్నాడు. సంక్రాంతికి తగ్గింది నొప్పే, జబ్బు కాదు.

పన్ను పైన గట్టి ఎనామిల్, దాని కింద డెంటిన్, నడిమధ్యలో మెత్తటి గుజ్జు ఉంటాయి. నరాలు, రక్తనాళాలు ఉండేది ఆ గుజ్జులోనే. పుచ్చు డెంటిన్ దాకా వచ్చినప్పుడు ఐస్‌క్రీమ్ తగిలితే జివ్వుమని, తీసేయగానే ఆగిపోతుంది. అప్పుడొస్తే చాలా మందికి సిమెంటుతో సరిపోతుంది. చల్లనీళ్ళు మింగేశాక కూడా సలుపు ఆగకపోతే, పడుకోగానే పోటు పెరిగితే, పుచ్చు గుజ్జును చేరిందని అనుమానించాలి. అక్కడ వాపు వస్తే సాగడానికి చోటుండదు, చుట్టూ గట్టి గోడలే. అందుకే అంత నరకం.

తర్వాత ఒక రోజు నొప్పి మాయమవుతుంది. నరం చచ్చిపోయిందన్నమాట. ఇన్‌ఫెక్షన్ మాత్రం వేరు కొస గుండా నిదానంగా ఎముకలోకి దిగుతుంది. నెలల తర్వాత చిగురు మీద చీము పొక్కుగానో, బుగ్గ వాపుగానో పైకి తేలుతుంది. మా డ్రైవరు విషయంలో జరిగిందిదే. ఆ దశలో మిగిలేవి రెండే దారులు: రూట్ కెనాల్ లేదా పీకించడం. రూట్ కెనాల్ పేరు చెబితేనే చాలామందికి టెన్షన్. మత్తు సరిగ్గా పట్టాక నొప్పి ఉండదు. అయితే బాగా పోటు మీదున్న కింది దవడ పన్నుకి ఒక్క ఇంజెక్షన్ చాలకపోవచ్చని ముందే చెబుతాను.

అపోహ: మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కోర్సు వాడితే సరిపోతుంది.

నన్ను ఎక్కువ విసిగించేది ఇదే. గుజ్జు వాపు నొప్పికి యాంటీబయాటిక్ పనిచేయదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో ఇలాంటి నొప్పికి అది ఇవ్వొద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో స్పష్టంగా సిఫారసు చేసింది. వాపు పాకుతున్నా, జ్వరం ఉన్నా అప్పుడు దాని అవసరం వేరు. డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు ఓర్చుకోవడానికి పారాసెటమాల్, సరిపడేవాళ్ళకు ఐబుప్రోఫెన్ చాలు. అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉన్నవాళ్ళు, గర్భిణులు అడక్కుండా ఐబుప్రోఫెన్ వేసుకోవద్దు. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో అసలే వద్దు.

అపోహ: పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుంది.

పళ్ళకు స్పర్శనిచ్చేది ఐదో కపాల నరం, చూపునిచ్చేది రెండోది. వాటి దారులు వేరు. పళ్ళు పీకించుకునే వయసూ, చత్వారం, శుక్లాలు వచ్చే వయసూ ఒకటే కావడంతో నింద పంటి డాక్టరు మీద పడింది. నిజానికి కంటికి ముప్పు పీకించడంలో లేదు, చీము పట్టిన పై కోరపన్నుని వదిలేయడంలో ఉంది. ఆ వాపు కంటి కింది దాకా ఎక్కుతుంది.

అపోహ: పన్నులో పురుగు ఉంటుంది.

వాకుడు గింజల పొగ పట్టి పురుగులు రాలుస్తామనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ రాలేవి గింజల్లోంచి వచ్చినవే. ఫ్రాన్స్‌కు చెందిన పంటి వైద్యుడు పియెర్ ఫోషార్ 1728లోనే మైక్రోస్కోపుతో వెతికి పురుగులేమీ కనిపించలేదని రాశాడు. పన్నుని తినేది మనం తిన్న తీపి మీద బతికే బ్యాక్టీరియా వదిలే ఆమ్లం.

అపోహ: లవంగ నూనె ఉత్త నాటు వైద్యం.

కాదండోయ్. అందులోని యూజెనాల్ నిజంగానే నొప్పిని మొద్దుబారుస్తుంది. జింక్ ఆక్సైడ్‌తో కలిపి మేమూ వాడతాం. ఒక చిన్న దూది ఉండకు చుక్క తాకించి పుచ్చులో పెడితే కాసేపు ఊరట, అంతే. చిగురు మీద, బుగ్గ మీద రాస్తే తోలు ఊడుతుంది. ఆస్పిరిన్ బిళ్ళ చిగురు పక్కన నొక్కిపెట్టినా అదే గతి. జిల్లేడు పాల జోలికి మాత్రం దయచేసి పోకండి.

అపోహ: వేలు పెట్టి చూపించిన పన్నే నొప్పి పన్ను.

పేషెంట్ కింది పన్ను చూపిస్తాడు, తట్టి చూస్తే పైది ఎగిరిపడుతుంది. పంటి నొప్పి పైకీ కిందికీ, చెవికీ పాకుతుంది గానీ సాధారణంగా ఎడమ నుంచి కుడికి దాటదు. అందుకే నేను ఒక్కో పన్నూ తట్టి, చల్లదనం తగిలించి, చిన్న ఎక్స్‌రే తీశాకే తేలుస్తాను. "చెక్కలు కొరికినప్పుడు కాదు, కొరికి వదిలినప్పుడు చురుక్కుమంటోంది" అంటే పన్నులో బీట కోసం వెతుకుతాను. జలుబుతో పాటు పై వెనక పళ్ళన్నీ ఒకేసారి లాగుతూ, వంగితే ఎక్కువైతే సైనస్ కావచ్చు. మెట్లెక్కేటప్పుడు కింది దవడ లాగి, చెమటలు పట్టి, ఆగితే తగ్గుతుంటే వెంటనే గుండె చూపించుకోవాలి, పళ్ళు కాదు.

ఇక వాపు సంగతి. బుగ్గ ఉబ్బితే వేడి కాపడం పెట్టొద్దు. వాపు దవడ కిందికి దిగి, ఉమ్మి మింగలేక, నోరు తెరవలేక, ఊపిరి ఇబ్బందిగా ఉంటే పొద్దున్న మా క్లినిక్ తెరిచేదాకా ఆగకండి. అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్ళండి.